కొసరు

గురువారం సాయంత్రం ఆరింటికి
చర్చి కింద గదిలో మమ్మల్ని తూస్తారు.

రోండా లోయలో అప్పటికే చీకటి.
కొండ మీంచి వాన ఏటవాలుగా కొడుతుంటుంది.
వరసలో మాకు ముందు పదకొండు మంది.
గ్లెనిస్ బూట్లు విప్పింది, బెల్టు విప్పింది,
చెవిపోగులు తీసి నా చేతిలో పెట్టింది.
"పెళ్ళి ఉంగరం కూడా తియ్యనా?"
"తియ్యి, ఆ పీడ బరువు కొంత తగ్గుతుంది" అంది నెరిస్.
ముక్కు చీది మరీ ఎక్కింది మహాతల్లి.

ముప్పావు పౌండు తగ్గింది. చప్పట్లు.
నేను ఒకటిన్నర పెరిగాను.
పుస్తకంలో రాసుకునే అమ్మాయి తలెత్తకుండా
"పర్లేదు, వచ్చేవారం చూద్దాం" అంది
లెక్కల్లో తప్పిన పిల్లతో అన్నట్టు.
నాకు యాభై ఎనిమిదేళ్ళు.

అక్కణ్ణుంచి తిన్నగా మూలమీది చిప్స్ కొట్టుకి.
ఒకటే పొట్లం, మూడు చెక్క ఫోర్కులు.
పంచుకు తింటే లెక్కలోకి రాదని గ్లెనిస్ సిద్ధాంతం.

"చూశావా ఆవిణ్ణి?"
అదే, టీవీలో నర్సు వేషం వేసే ఆవిడ.
మూడో మొగుణ్ణి వదిలేసిందట.
ఇంజక్షన్లు పొడిపించుకుని చీపురుపుల్లై తేలిందట.
"మెడ చూడు. మొహం బొంకినా మెడ బొంకదు."
"పాపం" అంది నెరిస్,
ఆ పాపాన్ని కూడా చిప్స్ మీద ఉప్పులాగే చల్లుతూ.
ఆవిడెవరో మాకు తెలీదు, మేమున్నామనే ఆవిడకి తెలీదు.
అయినా ఆ విడాకులకి మేమే పెద్దమనుషులం.
ఇల్లు ఆవిడకీ, కుక్క ఆయనకీ పంచేసరికి
పొట్లం సగమైంది.

"మీ పెద్దమ్మ ఎలా ఉంది?"
నోట్లో వేడి ముక్క పెట్టుకుని అడిగాను, మాట వరసకి.

నెరిస్ ఫోర్కు కింద పెట్టింది.
"ఆవిణ్ణీ తూస్తారు. గురువారమే, పొద్దున.
కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేస్తారు.
పోయిన నెల నలభై మూడు కిలోలు. ఇవాళ నలభై ఒకటి.
నేను పౌండ్లలోకి మార్చుకోను."

కాగితం మీద గీత కిందికే దిగుతోందట,
మేం గోడకి అంటించుకుని మురిసే గీతలాగే.
అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు.

మావిస్ పెద్దమ్మని ఎరగనివాళ్ళు లేరు.
స్టేషన్ పక్కన మిఠాయి కొట్టు ఆవిడది.
గాజుసీసా వంచి, పావు పౌండు నిమ్మబిళ్ళలు
ఇత్తడి తక్కెట్లో పోసేది గలగలా.
పిసినారే. చందాపళ్ళెంలో బొత్తాం వేసిందని చెప్పుకునేవారు.
కానీ ముల్లు నడిమికొచ్చి నిలిచాక
ఒక్క క్షణం ఆగి,
తక్కెడ వైపు చూడకుండా
ఇంకొక్కటి వేసేది.
గ్లెనిస్‌తో "నీకింకా బిళ్ళలెందుకే" అంటూనే వేసేది.

"ఇప్పుడు చెంచా కనిపిస్తే పెదాలు బిగిస్తుంది.
బంగాళాదుంపలోకి వెన్న, జావలోకి మీగడ,
మనకి వద్దన్నవన్నీ ఆవిడకి కలుపుతున్నారు.
నిన్న నన్ను చూసి, ఎవరనుకుందో ఏమో,
'బాగా చిక్కిపోయావమ్మా' అంది.
పదహారు నెలల్నుంచి డబ్బు కడుతున్నాను,
ఆ మాట అన్నది ఆవిడొక్కతే."

నవ్వాలో వద్దో మాకు తెలీలేదు.
ముందు నెరిసే నవ్వింది.
ఆ తర్వాత ముగ్గురం ఎంత నవ్వామంటే
కొట్టువాడు నూనె మూకుడు వదిలి తొంగిచూశాడు.
నెరిస్ కళ్ళు తుడుచుకుంది.
తుడుచుకుంటూనే ఉంది.

పొట్లం అడుగున ఒకటే మిగిలింది,
నూనెలో నాని, మెత్తబడి.
గ్లెనిస్ కిటికీలోంచి వాన చూస్తూ
దాన్ని వేలితో నెరిస్ వైపు తోసింది.

బస్సెక్కాక కోటు జేబులో చెయ్యి పెడితే
గ్లెనిస్ చెవిపోగులు.
అరచేతిలో ఎగరేసి చూశాను. ఎంతుంటాయి?
వచ్చే గురువారం దాకా
అవీ నా బరువే.