అరువు

హల్‌లో, ఆన్లబీ రోడ్డు మీద
నాణేలు మింగే బట్టల మెషీన్ల మధ్య
డోరీన్ ఎవరి చొక్కాకో గుండీ కుడుతూ కూర్చుంటుంది.
ఎవరూ అడగరు. తనూ చెప్పదు.

ఆ అలవాటు కాజేశాను.
పేరు మార్చాను: మాణిక్యాంబ.
ఊరు మార్చాను, చీర కట్టాను,
ఎడమకాలి ఈడ్పుని కుడికాలికి తోశాను.
ముక్కు మీది పుట్టుమచ్చ మాత్రం
ఎంత తుడిచినా పోలేదు.
పదకొండో పేజీలో
కథకి అవసరమై చంపేశాను.

పత్రిక వచ్చిన శనివారం
తడి దుప్పట్ల ఆవిరిలో అడిగింది,
"ఇందులో నేనెక్కడ?"
వేలు పెట్టి చూపించాను.
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"ఎంత గుండ్రంగా ఉన్నాయి మీ అక్షరాలు!
డబ్బా బోర్లిస్తే పడ్డ గుండీల్లా...
ఇంతకీ, చివరికి ఏమవుతాను?"

డ్రయ్యరు తిరుగుతోంది.
ఎవరిదో జిప్పు అద్దానికి కొట్టుకుంటోంది.
"కొట్టు పెడతావు," అన్నాను,
"సముద్రం కనిపించేచోట."

"అద్దె ఎవడు కడతాడు?" అని నవ్వి
నా చెయ్యి దగ్గరికి లాక్కుంది.
మణికట్టు దగ్గర గుండీ లేదు,
నేను చూసుకోనేలేదు.

రెండో చేత్తో పత్రిక మూసేశాను.
సూది వెంట్రుకవాసిలో
చర్మం పక్కనుంచి పోయింది.
"కదలకు," అంది.