అప్పడాల పరీక్ష

గిరింపేటలో చెంగల్రాయ నాయుడి మిద్దె మీద
రెండు గ్రిల్లు పొయ్యిలు నిలబడుండాయి,
ఒకే సంబంధానికొచ్చిన ఇద్దురు పెండ్లికొడుకుల మాదిరి
ఒకరి మొగం ఒకరు చూసుకోకుండా.
మద్రాసు కంపెనీవాళ్ళు దించిపోయినారంట.
నాల్గు దినాలు వాడి చూడండి,
వద్దనింది వాపసు తీసకపోతామన్న్యారంట.

"యతిరాజులూ, ఏది మేలో నువ్వు చెప్పబ్బా"
అన్న్యాడు నాయుడు.
ఆయనది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
తీపెంత, పులుపెంత,
అంకె లేకుంటే మాట నమ్మడు.
పుస్తకం తెరిచి చదివినాడు:
పెద్దదానికి ఆరు బర్నర్లు, చిన్నదానికి నాలుగు,
దీని వేడి ఇంత, దాని వేడి అంత.
రెండిటి ధరలో తేడా పెడితే
కొత్త టీవీఎస్ బండ్లు రెండొస్తాయి,
అది మాత్రం నేను లోపల లెక్కేసుకున్నా.

నేను పుస్తకాలు చదవను.
ముప్పై ఏండ్లుగా పొయ్యిలే చదువుతా ఉండా.
జేబులోంచి అయస్కాంతం తీసినా,
పాత స్పీకరు పగలగొట్టి తీసుకున్న బిళ్ళ.
పెద్దదాని మూతకి పెడితే
జారి కింద పడింది.
మేలైన స్టీలు, దేన్నీ దగ్గరికి రానీదు.
చిన్నదానికి పెడితే
చంటిబిడ్డ మాదిరి కరుచుకునింది.
నాయుడు నవ్వినాడు.
నేను నవ్వలా.
అంటుకునేదంతా చెడ్డదని యాడ రాసుండాది?
దాని కమ్ములు పోత ఇనుము,
ఎత్తితే మణికట్టు కలుక్కుమనింది.
వేడిని పట్టి పెట్టుకునేది బరువే గదా,
దోసె పెనాన్ని అడగండి, చెప్తాది.

పెద్దదాని బొత్తాం నొక్కినా.
టిక్.
టిక్.
మా ఊరి మిద్దెగాలి దానికి కొత్త.
పదమూడోసారికి కూడా వెలగలా.
అగ్గిపుల్ల గీసినా.
లక్షల పొయ్యి
పుల్లకి తలొంచి భగ్గుమనింది.

మంట పసుపు.
జెట్టు కన్నం మన గ్యాసుకి తగినట్టు లేదు.
విప్పి, మార్చి, గాలిమూత రవ్వంత తిప్పితే
దిగింది నీలం, శంఖుపూల నీలం.
చిన్నదానికీ అదే వైద్యం.

అప్పుడు అమృతవల్లి మేడమ్‌ని
అప్పడాలు అడిగినా.
"ఆకలైతా ఉండాదా?" అనింది.
"కాదమ్మా, కొలతకి."

ఈ కొన నుంచి ఆ కొనకి పరిచినా,
పెద్దదాని మీద పన్నెండు, చిన్నదాని మీద ఎనిమిది.
మంట యాడ ముదురో యాడ లేతో
పుస్తకం దాచేది అప్పడం చెప్పేస్తాది.

పెద్దదాని మీద పన్నెండూ ఒకేసారి ఉబ్బినాయి,
ఒకే రంగు, ఒకే పొక్కులు,
బడిలో ప్రార్థనకి నిలబడిన పిల్లోళ్ళు.
చిన్నదాని మీద
నడిమి రెండూ బొగ్గయినాయి,
అంచున ఒకటి ఇంకా నిద్ర లేవలా,
మిగిలినవి దేని దోవ దానిది.

"తేలిపోయింది" అన్న్యాడు నాయుడు.

మేడమ్ చిన్నదాని ముందర వంగి
ఒక్కోటే తీస్తా ఉనింది.
"ఇది మా ఆడబిడ్డకి, మాడితేనే ఆమెకి రుచి.
ఇది చిన్నోడికి, కరకరలాడితే చిగుళ్ళకి గుచ్చుకుంటాదంటాడు.
ఈ ఎర్రది మీకు.
ఒకే తీరుగా కాలింది తినేవాళ్ళు
మనింట్లో ఎవురుండారు?"

నాయుడు పుస్తకంలో
ఆ అంకె కోసం వెతికినాడు.
ఆమె నల్లదాన్నీ తెల్లదాన్నీ
ఒకదాని మీద ఒకటి పెట్టి కొరికింది.

గాలికి అడ్డంగా వెనకాల ఒక రేకు కొట్టిస్తే సరి,
కూలి మూడొందలని చెప్పినా.
రెండొందలకి బేరమాడినాడు నాయుడు.

శనివారం లారీ వచ్చింది.
పెద్దదాన్ని అట్టపెట్టెలోకి దించే ముందర
మూతెత్తి చూసినా,
కమ్ముల సందులో అప్పడం ముక్క ఒకటి.
తీయలా.
ఏ ఊర్లోనో, ఎవురి మిద్దె మీదనో
మొదటి మంటకి అది వాసనొస్తాది.
కొత్త పొయ్యికి ఇదేం కంపబ్బా అని
పుస్తకం తిరగేస్తారు.