తెరుచుకున్న కన్నాలు

దుగ్గిరాల దిగువన మా చేను.
మాది అనడం అలవాటు. కౌలు, ఎకరానికి పాతిక బస్తాలు.
సాంబమసూరి వెన్ను వంగిన వేళ
గట్టు మీద కొత్త మట్టి కుప్ప,
జల్లెడ పట్టినట్టు మెత్తగా.

"పందికొక్కు" అన్నాడు తుపాకుల చెంచయ్య,
ఆ మట్టి వేళ్ళతో నలిపి చూసి.
సాయంత్రం కన్నాలన్నీ మడమతో మూశాడు. ముప్పై ఒకటి.
పొద్దున తెరుచుకున్నవి తొమ్మిది.
"మూసినట్టే ఉన్నవి పాడిళ్ళు.
ఇవీ కాపురాలు."

దాని ముందు పళ్ళు పెరగడం ఆపవట.
కొరికి అరగదీయకపోతే
తన పన్నే తన నోరు మూసేస్తుందట.
అందుకే తినేదానికన్నా నరికేది ఎక్కువ.
నాకు సొసైటీ అప్పు గుర్తొచ్చింది.

పలుగు దిగింది.
మూరెడు లోతున దారి రెండుగా చీలింది.
ఒకటి పారిపోవడానికి, పైన పల్చటి మట్టి మూత;
అక్కడ వాళ్ళ పిల్లాడు వల పట్టుకు కూర్చున్నాడు.
రెండోది గాదె.
వెన్నులు, కుక్కి కుక్కి,
మా ఇంట్లో కూడా అంత పొడిగా ఉండవు గింజలు.

బుజ్జమ్మ కొంగు పరిచింది. ఆరు కేజీలుంటాయి.
కన్నంలో గింజ తవ్వినవాళ్ళది.
తాతల నాటి మాట, ఏ కాగితమూ లేదు.
నా కౌలుకీ లేదు.

గడ్డి పరుపు మీద ఎనిమిది పిల్లలు,
కళ్ళు తెరవనివి, చిటికెన వేలంత.
వలలో తల్లి పందిలా గుర్రుమంది.
పేరెక్కడిదో అప్పుడు తెలిసింది.
ఇంకేమీ అనలేకపోయాను.

ఎనిమిది కన్నాలు తవ్వి తొమ్మిదోది వదిలేశాడు.
"అదెందుకు?"
"జెర్రిపోతు తనకు తాను ఇల్లు కట్టుకోదు కదయ్యా.
అది లేకపోతే ఇన్ని చేలు నేనొక్కణ్ణే ఎలా తిరిగేది?"

నిరుడు నేను మందు బిళ్ళలు పెట్టాను.
వారానికి గట్టు కింద పైడికంటి పిట్ట
రెక్కలు విప్పుకుని పడి ఉంది.
చెంచయ్యకి చెప్పలేదు.
ఈ ఏడు కన్నాల లెక్క అతనే చెప్పాడు.

కోతలయ్యాయి. మినుము మొలిచాక ఒక తడి పెట్టాను.
తొమ్మిదో కన్నంలోకి
నీళ్ళు గుటకలు వేస్తూ దిగిపోయాయి,
గట్టే దాహంతో ఉన్నట్టు.
తిట్టుకుంటూ బురద తెచ్చి
మడమతో మూశాను.

రేపు పొద్దున్నే వెళ్ళి చూడాలి.