నీళ్లు విరగకూడదు

పాలు విరగడం తెలుసు నాకు.
నీళ్లు విరగడం పోశెట్టి దగ్గరే చూశాను.

తార్నాకలో, రెండో అంతస్తు ల్యాబులో
చదరపు సెంటీమీటరు రాగిరేకు.
గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌లో ముంచి
తళతళలాడుతోందని సంబరపడి
కొబాల్టు ద్రావణంలోకి దించబోతుంటే
"ఆగు మేడం. ముందుగాల ఉత్త నీళ్లల్ల ముంచి తియ్యి."
తీశాను.
రేకు మీద నీళ్లు ఒక్క పొరగా నిలవలేదు.
అక్కడక్కడా చీలి పూసల్లా ముడుచుకున్నాయి.
"చూసినవా, నీళ్లిరిగినయి. జిడ్డున్నది.
నీళ్లకే నచ్చని జాగల నీ కొబాల్టు కూసుంటదా?"

పోశెట్టి ఉద్యోగం మా గాజుసామాను కడగడం.
అంతకుముందు పందొమ్మిదేళ్లు బాలానగర్‌లో
రేకుల షెడ్డు కింద, క్రోమియం తొట్టి పక్కన.
సైకిల్ హ్యాండిళ్లు, నల్లా పిడులు, ఆసుపత్రి మంచాల కోళ్లు.
బస్సులో పోతూ పాత మెరుపు ఏది కనబడినా
"గిది మాదే కావచ్చు" అంటాడు.
ఆ తొట్టి ఆవిరి అతని ముక్కు లోపల
రెండు రంధ్రాల నడిమి గోడకి చిల్లు పెట్టింది.
ఏ వాసనా తెలీదు.
చాయ్ వేడిగా ఉంటే చాలు, అదే రుచి.

తడి సున్నం తెచ్చిచ్చాడు. వేళ్లు మండేదాకా రుద్దాను.
ఈసారి నీళ్లు రేకుని అంటుకుని వదల్లేదు,
పల్చగా, అంచు నుంచి అంచుకి.

బీకరులో గులాబీ షర్బత్ లాంటి ద్రావణం.
అందులో కలిపే బోరిక్ పొడిని చూసి నవ్వాడు:
"క్యారమ్ బోర్డు మీద చల్లుతం గద ఇది!"
జారడానికి అక్కడ, నిలకడకి ఇక్కడ
అని చెప్పబోయి ఊరుకున్నాను.

పది మిల్లీ ఆంపియర్లు. పది నిమిషాలు.
ఎర్రటి రాగి కళ్లముందే బూడిదరంగుకి తిరిగింది
సాయంత్రం ముసురు పట్టినట్టు, చప్పుడు లేకుండా.
ఏడో నిమిషంలో కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేసరికి అర నిమిషం.
"ఇగ గది పనికిరాదు" అన్నాడు,
"మీదొచ్చిన పొర కిందిదాన్ని గుర్తువట్టది."
నేను నమ్మలేదు. టేపు అంటించి లాగాను.
పొర టేపుతో పాటే లేచొచ్చింది,
పండుటాకు మీది పొరలా.

మర్నాడు, కొత్త రేకు. కరెంటు ఉంది.
తూకం అంకెలు వణుకుతున్నాయని
ఆవిరిగూటి ఫ్యాను ఆపేసి ఊపిరి బిగబట్టి చూశాను.
ఫారడే లెక్కన ఒకటీ ఎనభై మూడు రావాలి.
వచ్చింది ఒకటీ అరవై మిల్లీగ్రాములు.
మిగతా కరెంటంతా బుడగలైపోయింది.
రేకుని పట్టుకు పాకి, ఒక్కొక్కటే తెగి
పైకెళ్లి పగిలిన సన్నటి హైడ్రోజన్ బుడగలు.
ఖర్చు రాసుకున్నాను, పచారీ కొట్టు పద్దులా.

పోశెట్టి జేబులోంచి ఒక అయస్కాంతం తీశాడు,
పాత స్పీకరుదట.
రాగిని అది పట్టించుకోదు. నిన్నటిదాకా ఈ రేకునీ అంతే.
ఇవాళ దగ్గరికి తేగానే
రేకు చిన్నగా కదిలి, పక్కకి తిరిగి, అతుక్కుంది.
వెంట్రుకలో పదో వంతు మందం కూడా లేదు
ఆ పూత. అయినా పిలుపు వినబడింది దానికి.

చాలాసేపు చూశాడు.
అంటించి, లాగి, మళ్లీ అంటించి.
"మేడం, ముక్కుకేమన్న పూత ఉంటదా?"
నవ్వుతూనే అడిగాడు.

నా నోటుబుక్కులో
వోల్టేజీకి ఒక గడి, ఉష్ణోగ్రతకి ఒకటి, బరువుకి ఒకటి.
కలం పట్టుకుని కూర్చున్నాను.
బయట హబ్సిగూడ వైపు మెట్రో వెళ్లింది,
బీకర్లో గులాబీ నీరు ఒక్కసారి వలయమై సద్దుమణిగింది.

లేచి ఫ్యాను వేశాను.
తూకం మీద అంకెలు మళ్లీ వణకసాగాయి.
వణకనిచ్చాను.