శుక్రవారం లోపు ఒక మతం

బాలసముద్రంల పండ్ల డాక్టరు మీద మూడో అంతస్తు, మా ఆఫీసు.
సోమవారం పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టకుండనే
ప్రణీత్ చెప్పిండు: శుక్రవారం లోపు ఒక మతం కావాలె.
దేవుళ్ళు ఐదుగురు చాలు.
ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక ఆయుధం, ఒక వరం.
పూజారులు మూడో అంకంల దొంగలని తేలాలె.
ఆఖరుకు పెద్ద దేవుణ్ణి ఆటగాడు చంపాలె.

చంపుడెందుకన్నా, అన్న.
అన్ని ఆటలల్ల అట్లనే ఉంటది, అన్నడు.

నిజమే. ఇంటర్ల నేనూ ఆడిన,
కాజీపేట కేఫ్ల, గంటకు పదిహేను రూపాయలిచ్చి
ఎన్ని గుళ్ళల్ల మోకాళ్ళ మీద కూసున్ననో.
విగ్రహం ముంగట మీట నొక్కితే గాయాలు మానేవి.
అరగంట దాకా నిప్పు నన్ను కాల్చకపోయేది.
అడిగిన గడియల్నే పలికే దేవుళ్ళు.
పూనకం లేదు, జాతర లేదు,
అలిగి ఊరవతల కూసున్న రోజు ఒక్కటి లేదు.
వాళ్ళ పగలు, పెండ్లిళ్ళు
అటక మీది పుస్తకాలల్ల రాసి ఉంటయి,
ఎవ్వలు సదువరు. నేనూ సదువలే.

మంగళవారం రాత్రి బాపు దిగిండు,
పరకాల దిక్కు ఎల్లమ్మ పట్నమేసి.
గోర్లల్ల పసుపు, సంచిల జమిడిక.
నా తెర మీద నీలిరంగు దేవత
తనంతల తానే మెల్లగ తిరుగుతున్నది.
ఎవలు బిడ్డా ఈమె?
నీళ్ళ దేవత బాపూ. పేరింక పెట్టలే.
బాపు అద్దాలు తీసి పెట్టుకున్నడు.
తమ్ముడెవడు? పోతరాజసొంటోడు ఒకడుండాలె గద?
లేడు.
ఎవలింటికి పోయి నీళ్ళడిగింది? ఎవలు లేవన్నరు?
రాయలే.
కుండ ఎవలిస్తరు? డప్పు ఎవలు గొడ్తరు?
ఇండ్ల కులాలు లేవు బాపూ.
నవ్విండు. శానసేపు నవ్విండు.
మంచిదే. మరి ఈమెకు ఎవలు బాకీ?

నా కాడ జవాబు లేదు.
అన్నం తిని పండుకున్నడు.

బాపు దేవతకు రాయి గూడ లేదు.
పొద్దుమీకినంక అలికిన నేల మీద
బియ్యప్పిండి, పసుపు, కుంకుమ,
చిక్కుడాకు పొడి, కాల్చిన ఊక నలుపు.
వేళ్ళ సందులకెల్లి జారుకుంట ఆమె వస్తది.
తెల్లారక ముందే తొక్కి చెరుపుతరు.
చిన్నప్పుడు ఏడ్సిన, ఎందుకు చెరుపుతవని.
ఉంచుకుంటే మనదైతది, అన్నడు.

అదీ తయారుచేసుడే గదా?
ఆయన పిండితోని, నేను మౌసుతోని.
ఆయనకు మేకతలకాయ, శేరు బియ్యం. నాకు నెల జీతం.
ఏడ తేడా అంటే ఏలు పెట్టి చూపియ్యలేను.

బుధవారం బొమ్మలొచ్చినయి.
దొంగ పూజారికి బంగారు అంగీ,
ఏలుకో ఉంగరం, గుడి కింద సొరంగం.
నాకెరికైన పూజారి
పరకాల బస్సుల నిలవడి వస్తడు,
జమిడిక ఎవలికి తాకకుండ ఎదకు ఒత్తుకొని.

గురువారం రాత్రికి ఐదుగురూ అయిపోయిండ్రు.
పేర్లు, రంగులు, వరాలు, చావు.
ప్రణీత్ బొటనేలు ఎత్తిండు.

ఎవలికి చెప్పకుండ ఒక్కటి కలిపిన.
పటం చివర, బాటలు ఒడిసినకాడ, కూలిన గద్దె.
గద్దె ఎవలిదో నేను గూడ రాసుకోలే.
ఒక ముసలమ్మ ఊడుస్తుంటది.
పని చెప్పదు, తాయెత్తియ్యదు.
దగ్గరికి పోయి మీట నొక్కితే
తలెత్తి ఒక్కటే మాటంటది:
జరుగు బిడ్డా.

సోమవారం ఆట పరీక్షించే ఫర్హీన్ రాసి పంపింది:
తప్పు నంబరు నూటా నలభై. ముసలమ్మ ఏమీ ఇస్తలేదు.
వాన పడ్డా ఊడ్చుడు ఆపుతలేదు. సరిచెయ్యాల్నా?

మొదటిది తప్పు కాదని రాసిన.
రెండోదానికి,
బాపునడిగి చెప్తనన్న.