పాటకు ముప్పావు మూర

గాజుబల్ల మీద మూడు పెట్టినాడు నౌషాద్.
పెద్దది రెండు అగ్గిపెట్టెలు చేర్చినంత,
నడిమిది తమలపాకు మడత,
చిన్నది నా బొటనవేలు.

"పెద్దదాంట్లో పదివేల పాటలు పడతాయక్కా,
బొమ్మలు కూడా కనపడతాయి.
చిన్నదాంట్లో ఏముంది? ముఖానికి అద్దం కూడా లేదు."

నా కండ్లు మల్లెమొగ్గల మీదుంటాయి నాయనా,
చేతులు నార మీద.
బొమ్మ ఎవురు చూడాల?

తిరుపతిలో జనం నిద్రపోయే రెండు గంటలకు
నేనూ శెల్వీ కూర్చుంటే ఏడుకు లేస్తాం.
కింద తడి గోనెపట్ట, ముందర పూల కుప్ప,
చెంబులో నానతా అరటినార.
ఇటు రెండు మొగ్గలు, అటు రెండు మొగ్గలు, ఒక ముడి.
చెయ్యి ఖాళీ అయ్యేది
ముక్కు దురద పెట్టినప్పుడే.
నాకు మోచేత్తో నొక్కితే పలికేది కావాల.
రవికకు పిన్నీసు మాదిరి కరుచుకోనుండేది,
తడి చెయ్యి తగిలితే అలగనిది.

పదివేలంట!
ఆడ నిలబడే లెక్క కట్టినా.
ఒక పాట అయ్యేలోపల ముప్పావు మూర కడతా.
పదివేల పాటలంటే ఏడువేల ఐదునూర్ల మూరలు.
ఎవురి జడకు పెడతారంత?
ఎంత వాలుజడైనా
రెండు మూరలు దాటితే మెడ నొస్తాది.
మిగిలిందంతా బుట్టలో వాడిపోయేదే గదా.

మా ఎదురింటి గుణశేఖర పెద్దదే కొన్నాడు.
ఆటో తోలతా, ఇంకోటి ఇంకోటి అని
బొటనవేలు నడిపిస్తానే ఉంటాడు.
పల్లవి దాటి చరణం దాకా
వాడు పొయ్యిందే లేదు.

చిన్నదాంట్లో రెండొందలు పట్టినాయి.
పేర్లు నాకు రావు, గుర్తులు చెప్పినా:
వానలో తడిసేది.
రైలు కూతతో మొదలయ్యేది.
మా పెండ్లిలో మైకు చెడిపోయి సగంలో ఆగిపొయ్యింది,
మిగతా సగం ఇంతవరకూ నాకు తెలీదు.
శెల్వికని అరవం పాటలు ఇరవై.
అర్థమేంది మా అంటే నవ్వతాది గానీ చెప్పదు.

ఒక చెవి నాది, ఒక చెవి ఆమెది.
మా ఇద్దరి నడమ నల్లటి తీగ
కనకాంబరాల మీద పడుంటాది.
ఒకసారి దాన్ని కూడా దండలో కట్టేసినా.

మూడో రాత్రి
పాటకూ పాటకూ మధ్య ఫ్యాను చప్పుడు.
బస్సు హారను, గోవిందా అంటా ఎవురో పోతా,
ఆ వెనకాల ఒక ఆడమనిషి:
"ఇంకో యాబై తగ్గించు నాయనా, పూలమ్ముకునేదాన్ని."
ఎవురబ్బా ఈ గయ్యాళి, అనుకున్నా.
శెల్వి నా పక్క చూసి
ఒళ్ళోని మొగ్గలన్నీ ఒలికిపొయ్యేటట్టు నవ్వింది.

మైకు పని చేస్తాదో లేదో చూడాలని
వాడెప్పుడో నొక్కి వదిలేసినాడంట.
"తీసేస్తా అక్కా, చోటు దండగ."
వద్దన్నా.
నలభై రెండేండ్లుగా ఈ గొంతుతో అరస్తా ఉండా,
బయట నిలబడి వినింది ఇదే మొదలు.

మొన్న కొత్త పాట ఒకటి ఎక్కించమంటే
నిండిపొయ్యింది, ఏదో ఒకటి దించాల అన్నాడు.
నా బేరం మీదికే పొయ్యింది వాడి వేలు.
దాన్ని ముట్టొద్దని ఇంకోదాన్ని దించినా.
ఏదో చెప్పను.
శెల్వికి ఇంకా తెలీదు,
అరవందే.

ఇప్పుడు ఆ బేరం వచ్చేసరికి
రెండో బుట్ట సగమవతాది.
ఇద్దరం దానితోపాటే అంటాం, యాబై తగ్గించు అని.
మార్కెట్టుకొచ్చిన చామంతి లారీ డ్రైవరు
మమ్మల్నే చూస్తా బీడీ ఆర్పేస్తాడు.

వాడు తగ్గించినాడా లేదా,
అది దాంట్లో లేదు.
అంతవరకే పట్టింది.