హాజరు పట్టీలో పాలపన్ను

సముద్రం గడ్డకట్టి మూడో వారం.
మంచు మీద దారి తెరిచారు,
నీళ్ల మీద కారు నడుపుకుంటూ దీవిలోని బడికి వెళ్తున్నాను.
ఎస్టోనియా అంచున, పదకొండు మంది పిల్లలు,
పొయ్యి చుట్టూ ఆరని బూట్లు.

ఏడో ఎక్కం, ఏడారుల దగ్గర
తానెల్ నోట్లోంచి లెక్క బదులు పన్ను రాలింది.
బల్ల మీద బార్లీ గింజ పడ్డంత చప్పుడు.
కొంచెం నెత్తురు. అందరూ లేచారు.
"కూర్చోండి" అన్నాను, ఇరవై ఆరేళ్ల అలవాటు కొద్దీ.

వాడు దాన్ని వెలుతురుకి పట్టి అడిగాడు:
"టీచర్, ఇది నేనేనా?
పొద్దున నేనే కదా. ఎప్పటిదాకా నేను?"

నా దగ్గర హాజరు పట్టీ ఉంది.
ఎత్తుకో గడి, బరువుకో గడి, మార్కులకి నాలుగు.
దీనికి గడి గీయడం మరిచిపోయారు.

శిక్షణ రోజుల్లో ఒకాయన బోర్డు మీద పిల్లాడి బొమ్మ వేసి
మెడ దగ్గర అడ్డంగా గీత గీశాడు.
కింది భాగం వ్యాయామం మాస్టారిది, పైది మీది,
ఇంకేమన్నా మిగిలితే
ఆదివారం పాస్టరు చూసుకుంటాడు.
నవ్వి, రాసుకున్నాం.

"పన్ను నువ్వు కాదు, నొప్పి నువ్వు"
వెనక బెంచీ నుంచి మారెట్ తేల్చేసింది.
ఇంద్రెక్ ఒప్పుకోలేదు:
నొప్పి పోయాక వీడెక్కడికి పోతాడు మరి?
పొయ్యి వెనక ఎలుకకి వేస్తే
ఎముక పన్ను తీసుకుని ఇనప పన్ను ఇస్తుందని
వాళ్ల మామ్మ మాట ఇంకొకరు తెచ్చారు.
లెక్కల గంట అలాగే గడిచిపోయింది.
నేను ఆపలేదు.

మధ్యాహ్నం వాచకం చదవమంటే
ప్రతి "స" ఈల వేసుకుంటూ వచ్చింది,
కొత్తగా తెరిచిన కిటికీలోంచి.
మాటకి ఒళ్లుంటుందని నాకెవరూ చెప్పలేదు.
చిగురు మీద, తడి మీద, ఇంత ఊపిరి మీద నిలబడి వస్తుందది.
వాడికే నవ్వొచ్చింది.
ఆ నవ్వుని తూచే త్రాసు బడిలో లేదు,
నోరే లేకపోతే అది ఎక్కడ నవ్వేది?

పట్టీలో రాశాను:
తానెల్, హాజరు.
పన్ను, గైర్హాజరు.
తనిఖీకి వచ్చినాయన అడిగితే అప్పుడు చూద్దాం.

చీకటి పడ్డాక మంచు దాటాను.
అక్కడ బెల్టు పెట్టుకోకూడదు, ఆగకూడదు.
ఎప్పుడో పీకించుకున్న దవడపన్ను జాగాకి
నా నాలుక చెప్పకుండానే వెళ్లి తడుముతోంది.
కింద నీళ్లు, పైన నేను,
మధ్య జానెడు గడ్డ.
అదీ నీళ్లే.